బందం

నా పని చెట్టును కావిలించుకోవడం.
కవిటి తోటల్లో ముప్పై రెండేళ్లుగా
కాళ్లకి బందం, నడుముకి కత్తి,
గుండె మానుకి ఆనించి పైకి పోవడం.
అందుకే నా గుట్టు ముందు తెలిసింది చెట్టుకే.

ఎడమవైపు మొదలైంది, ఉసిరికాయంత.
మాను ఒరుసుకున్నప్పుడల్లా చురుక్కు.
ఆర్నెల్లకి కుడివైపూ.
ఏడాదికి చొక్కా గుండీలు నా మాట వినడం మానేశాయి.
పలాస డాక్టరు నొక్కి చూశాడు, రక్తం తీయించాడు,
మాత్ర మార్చాడు.
"మగవాళ్లకీ వస్తుందయ్యా, ప్రాణానికేం లేదు" అన్నాడు.
మానం సంగతి ఆయన చీటీలో రాయలేదు.

పెళ్లి భోజనంలో మా తోడల్లుడు
"ఏటి తవిటయ్యా, పాలెప్పుడిత్తావు?" అన్నాడు.
పంక్తంతా నవ్వింది.
నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా.
పెరుగు వడ్డించేలోపే లేచిపోయాను.

అప్పట్నుంచీ గావంచా.
తడిపి, పిండి, బిగించి చుట్టి, పైన చొక్కా.
పది చెట్లు బాగానే ఎక్కేవాణ్ణి.
పదకొండో దాని సగంలో ఊపిరాడక
మానుకి బల్లిలా అతుక్కుని ఉండిపోయాను.
కింద కాయలు లెక్కపెడుతున్న షావుకారు
"ఏటి, సముద్రం చూస్తన్నావా?" అని అరిచాడు.
అవునన్నాను.
ఆ రోజు సముద్రం ఏ రంగులో ఉందో నాకు తెలీదు.

సోంపేట బజార్లో
ఆడవాళ్ల సామాన్ల కొట్టు ముందు మూడుసార్లు నడిచాను.
నాలుగోసారి గుమ్మమెక్కి, "మా ఇంటిదానికి" అన్నాను.
"సైజెంత?" అన్నాడు కుర్రాడు.
ఇంటిదాని కొలతా తెలీదు, నా కొలతా తెలీదు.
మళ్లీ వస్తానని దిగి
పక్క బడ్డీలో అగ్గిపెట్టె కొనుక్కుని ఇంటికొచ్చాను.

ఒక రాత్రి సుకాంతి చూసింది,
గావంచా కోసిన చోట ఎర్రటి చారలు.
ఏమీ అడగలేదు. నూనె రాసింది.
తెల్లారగానే డిల్లెమ్మ ఇంటికి తీసుకుపోయింది.

డిల్లెమ్మ మిషను తొక్కడం ఆపి
మెడలోంచి టేపు తీసింది.
నన్ను చూడలేదు, టేపునే చూసింది.
"సేతులెత్తు. ఊపిరి ఒగ్గీ.
బిగబట్టి ఇచ్చిన కొలత అబద్దం."
ముప్పై ఎనిమిది, నలభై ఒకటి అని
కిరాణా పద్దు చదివినట్టు పైకి చదివి
నోటుబుక్కులో రాసుకుంది.
పేరు రాసే చోట కొబ్బరాకు బొమ్మ గీసింది.
"నువ్వు మూడోవోడివి" అంది.
మిగతా ఇద్దరూ ఎవరని అడిగాను.
చెప్పలేదు.
ఆమె చెప్పకపోవడంతోనే నాకు సగం ధైర్యం వచ్చింది.

ఉతికి ఉతికి మెత్తబడ్డ నా లుంగీయే కోసింది.
ముందువైపు రెండు మడతలు, వెడల్పు పట్టీలు,
పక్కన మూడు హుక్కులు.
కుట్లన్నీ బయటికి తిప్పింది,
"గుచ్చుకుంటే చెట్టుకి గుచ్చుకోనీ" అంది.
"దీన్నేటంటారు?" అని నసిగాను.
"ఆడోళ్లు బాడీ అంటారు.
నీ ఒంటినీ బాడీయే అంటారు గదా, ఏటి తేడా?"
సుకాంతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.
ఆ నవ్వులో నాకు చోటుంది. నేనూ నవ్వాను.
కూలి వద్దంది. కురిడీలు రెండు చాలంది.

మర్నాడు ఎక్కాను.
మాను తగిలింది, నొప్పి తగల్లేదు.
బందం వదులైతే జారతావు,
బిగిస్తే కాలు తెగుద్దని
మా అయ్య నేర్పింది పాదాలకే.
ఇన్నేళ్లూ అంతవరకే అనుకున్నాను.

మొదట్లో లుంగీ కింద దాచి ఆరేసేవాణ్ణి.
సుకాంతి తీసి ఎండలో వేసింది,
తన రవికకీ పిల్లాడి నిక్కరుకీ మధ్య.
ఎదురింటావిడ చూసింది. చూసి,
మీ కందిపప్పు ఉడుకుతుందా, మాది ఉడకట్లేదంది.

నిన్నంతా వాన. దండెం మీదది ఆరలేదు.
చెమ్మతో వేసుకుంటే ఒరుసుద్ది.
గుడ్డ ఆరలేదు, ఇవాళ రాలేనని
షావుకారుకి కబురు పెట్టాను.
ఏ గుడ్డ అన్నాడట.

రెండోది కుట్టించుకోవాలి.