చామాకు మీద నూట యాభై నాలుగు

మూసారాంబాగ్ వంతెన పక్కన
బాలమణి చామకూర కోస్తుంది.
కట్ట పదిహేను రూపాయలు.
నాకు కావలసింది ఒక్క ఆకు, అదీ ముట్టుకోకుండా.
"ముట్టకుంట ఎట్ల కోస్త సారు, నోటితోనా?"
అని తొడిమ పట్టి కొడవలితో తెంపి
గొడుగులా చేతికిచ్చింది.

గచ్చిబౌలి దాకా బస్సులో
పసిపిల్లలా ఎత్తుకుని కూర్చున్నాను.
పక్క సీటు పెద్దాయన, "ఏం పూజ?" అన్నాడు.
"కొలతకండీ."
ఆయన ఇక కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు.

ల్యాబులో నా ఉద్యోగం ఒక సూది.
దాని కొసన నాలుగు మైక్రోలీటర్ల నీరు వేలాడదీసి
దింపి, ఆకుకు తాకించి, వదలడం.
ఆ వదలడమే కష్టం.
చుక్క సూదినే కరుచుకుని పైకొచ్చేస్తుంది,
ఆకుతో చుట్టరికమే లేనట్టు.
నాలుగోసారికి నిలిచింది.
తెర మీద నల్లటి నీడ, దాదాపు గోళీ,
అడుగున రవ్వంత నొక్కు.
అంచున గీత గీస్తే నూట యాభై నాలుగు డిగ్రీలు.
గాజు పలక మీదైతే ఇదే చుక్క
ముప్పైకే చాప పరుచుకుంటుంది.

అంటీ ముట్టకుండా బతకాలని చెప్పడానికి
పెద్దలు తామరాకును చూపిస్తారు.
ఆ ఆకు వైరాగ్యంతో నున్నబడిందని
నేనూ చాలాకాలం అనుకున్నాను.
మైక్రోస్కోపు కింద నునుపు ఎక్కడా లేదు.
తామరైనా చామైనా అన్నీ గుట్టలే,
జూబ్లీహిల్స్‌లో పేల్చక మిగిలిన బండల్లా.
ఒక్కో గుట్టకూ మైనపు నూగు,
గుట్టల సందుల్లో గాలి.
చుక్క కొనల మీద మాత్రమే ఆనింది.
మిగతాదంతా గాలి మీదే కూర్చుంది.

ఈ కూర్చోవడానికి శాస్త్రంలో ఫకీరు పేరు పెట్టారు,
మేకుల పరుపు మీది మనిషిని తలుచుకుని.
నాంపల్లి దర్గా దగ్గర ఫకీర్లను చూశాను.
మేకుల మీద ఎవరూ లేరు,
వానకు పాలిథిన్ కప్పుకుని ఉన్నారు.

బల్లను మూడు డిగ్రీలు వంచాను.
చుక్క జారలేదు, దొర్లింది.
వంతెన లారీల మసిని వీపునేసుకుని పోయింది.
దాని వెనక ఒక పచ్చటి గీత.

మర్నాడు ఆకు నడిమిన ఒకచోట
చుక్క కదలనంది.
నిలువునా వంచినా బల్లిలా అక్కడే.
తొంభై రెండు.
సూది మార్చాను, నీళ్లు మార్చాను, పరికరాన్ని తిట్టాను.
దీపం వాలుగా పెడితే కనబడింది
బొటనవేలి ముద్ర. నాదే.
టోలీచౌకి దగ్గర డ్రైవరు బ్రేకు తొక్కినప్పటిది.
గుట్టలు నలిగాయి, మైనం వేలికంటింది,
గాలి వెళ్లిపోయింది.
మొక్కనే ఉంటే కొన్నాళ్లకు
మళ్లీ మైనం పూసుకునేదేమో.
తెంపిన ఆకుకు ఆ వీల్లేదు.

బాలమణికి చెప్తే నవ్వలేదు.
"గందుకే నడుమల పట్టొద్దంట పోరగాండ్లకు.
ఇంకోటి రాస్కో. మూసీల నురుగొచ్చిన దినం
ఆకు తడుస్తది. సబ్బునీళ్లకు ఆగది."
రాసుకున్నాను. తలతన్యత తగ్గితే
నీరు గుట్టల సందుల్లోకి దిగుతుందని
అదే మాట, కాస్త పొడుగ్గా.

వాన మొదలైంది.
నెత్తిన ఒకాకు కప్పుకుని
ఆమె కట్టలు లెక్కపెడుతోంది.
పడ్డ చినుకు చిట్లి, మళ్లీ గుండ్రమై,
ఆకు అంచు దాటి భుజం మీదికి దొర్లుతోంది.
అక్కడ నూలు చీర.
కోణం సున్నా.