సైజు

ఆకివీడు సెంటర్లో మందుల షాపు.
"ఏ సైజండీ?" అన్నాడు కుర్రాడు.

పాత క్యాలెండరు కాగితం విప్పాను గాజు బల్ల మీద.
పొద్దున్నే చెరువు గట్టున
ఆరుగురి చేతులూ పరిపించి
బాల్ పెన్నుతో చుట్టూ గీసుకొచ్చాను.
పల్లాలమ్మది మగాడి చెయ్యంత.
మరియమ్మ కోడలిది మరీ చిన్నది,
గీస్తుంటే చక్కిలిగింతలని ఒకటే నవ్వు.

తెల్లవి పల్చన. రొయ్య ముల్లు తగిలితే పోతాయి.
నీలంవి దళసరి, పెట్టె మూడొందల ఎనభై.
ఒకటి లాగి చూశాను,
బూరలా ఊది చెవి దగ్గర పెట్టుకున్నాను.
గాలి పోలేదు.

తెల్లమచ్చకి చచ్చిన సరుకు, మూడెకరాలు,
కింద నల్ల బురద, పైన బ్లీచింగు.
నిన్న ఒట్టి చేతుల్తో ఏరాం.
రాత్రి అన్నం ముద్ద కూడా అదే వాసన.
ఆసామి ఐదొందలిచ్చి
"చిల్లర పట్రా" అన్నాడు.

నీలంవే ఇమ్మన్నాను.

"ఇదేంటండీ, నాలుగే వేళ్ళు గీశారు?"
మరిచిపోలేదు బాబూ, అది సూరాయమ్మ చెయ్యి.
చిటికెన వేలు ఐసు మిషన్లో పోయింది.

నాలుగు వేళ్ళ గ్లౌజు ఎవడూ చెయ్యడు.
ఆ ఖాళీ వేలు ముడేసుకుంటుంది,
కొంగున చిల్లర కట్టుకున్నట్టు.