నాలుగు పాళ్లు

సాస్తి సైడింగ్‌లో రాత్రి రెండింటికి
వ్యాగన్ మీదికెక్కి పార దించుతాను.
పైపొర తీసేసి లోపల్నుంచి తీయాలి, అది రూలు.
పైనున్న బొగ్గు అబద్ధం చెబుతుంది,
మంచుకు తడిసి
ఠేకేదారు బూటులా మెరుస్తుంది.

కింద తాడిపత్రి మీద కుప్ప పోస్తాం
నేనూ, చిప్ప ఓదెలూ.
కొన తేలేలా పోసి, తల నొక్కి, రొట్టెలా పరిచి
పార అంచుతో నాలుగు పాళ్లు.
ఎదురెదురువి రెండు పారేస్తాం.
మిగిలినవి కలిపి మళ్లీ కుప్ప, మళ్లీ నాలుగు, మళ్లీ రెండు.
నాలుగు వేల టన్నుల రేక్
తెల్లారేసరికి ఒక సంచి.
దాని మెడకు లక్క.

చాయ్ వేళ ఓదెలు ఫోన్లో చూపించాడు.
సూర్యుడి చుట్టూ తిరిగే ఒక రాళ్లకుప్ప మీదికి
మనిషి లేని బండి పోయిందట.
చెయ్యి చాపి, ఉఫ్ అని ఒక్కసారి ఊదిందట.
గట్టిదనుకున్న నేల
శనగల గంపలో చెయ్యి పెట్టినట్టు దిగిపోయింది.
"అరే, లూజ్ ఓబీ కదనే ఇది!
మన డంపు లెక్కనే, నిలవడితే మోకాళ్లదాంక."

మూతలో రాయి ఇరికి
గింజలు చీకట్లోకి కారిపోతుంటే
తూకం కూడా మానేసి గబగబా మూటకట్టిందట.
అక్కడ కుదిరింది నాకు నమ్మకం.
జారిపోవడం తెలిసినవాళ్లు.

ఏడేళ్లకు ఎడారిలో గొడుగు విప్పుకుని దిగింది.
పెట్టె మరలు ముప్పై అయిదు. రెండు రాలేదు.
ఆ రెండింటి ముందు నెలలు కూచున్నారు
సుత్తి ఎత్తకుండా, కొత్త పానా తయారయ్యేదాకా.
(మా స్టోర్స్‌లో పానా అడిగితే
ముందు పాతది చూపించమంటారు.)

దొరికింది నూట ఇరవై చిల్లర గ్రాములు.
అదీ నలుపే.
మన బొగ్గు ఒకనాటి అడవి.
అది ఏ అడవీ కాదు,
చెట్టు అనే ఆలోచన కూడా రాకముందటి మసి.

ఓదెలు ఫోన్ జేబులో పెడుతూ అన్నాడు:
నాలుగు పాళ్లల్ల మూడు ముట్టలేదట, దాచిండ్రట,
ఇంకా పుట్టనోళ్ల కోసం.

గేటు దగ్గర మోటార్‌సైకిల్ ఆగింది.
మున్షీ దిగలేదు, లైటు కూడా ఆర్పలేదు.
"ఏకచ్ పిశ్వీ, కాకా."
ఒక్క సంచే.
పదకొండో గ్రేడు తొమ్మిదవుతుంది, ఎవరికీ దెబ్బ తగలదు.
నిరుడు ఒకసారి మార్చాను.
ఎందుకో ఇక్కడ రాయను.
ఆ సంచి బల్లార్షా ల్యాబులో
ఎప్పుడో కాలి బూడిదైపోయింది,
నా అబద్ధం మాత్రం రిజిస్టర్లో
నీలం సిరాతో చల్లగా ఉంది.

కొవ్వొత్తి వెలిగించాను.
లక్క బొటనవేలి మీద పడింది, అరిచాను.
మున్షీ నవ్వాడు, కాసేపు చూశాడు, బండి తిప్పుకున్నాడు.
రేపు వస్తాడు.

పారేయాల్సిన రెండు పాళ్ల ముందు
పార పట్టుకుని
అవసరానికన్నా ఎక్కువసేపు నిలబడ్డాను.
"ఏం జూస్తున్నవే?" ఓదెలు తిట్టాడు,
"రేక్ కదులుతుంది, జరుగు."