ఎనభై వారాల తర్వాత

యాదమరి దాటినంక ఎడంపక్క రేకుల షెడ్డు,
పదకొండేళ్ళుగా ఆడ గుడ్లట్టలెత్తుతా ఉండా.
అట్టకు ముప్పై.
కోళ్ళ మొహాలు చూసే తీరిక లేదు,
వాలులో దొర్లొచ్చే గుడ్డుమీదే చెయ్యి.

ఎనభై వారాలకు వాటి లెక్క ముగుస్తాది.
మేత ఖర్చుకు గుడ్డు చాలడంలేదని
సూపర్వైజరు రాజమాణిక్యం లారీ పిలిపిస్తాడు.
ఆ పొద్దు నా కూలీలో పట్టుకోమని
అయిదింటిని గంపలో వేసుకున్నా.
"కూరకా అక్కా? ఎముకలే ఉండేది" అన్నాడు.
అవునన్నా. వేరే ఏం చెప్పాల?

బస్సులో గంపమీద తడిగుడ్డ.
అయిదింటికీ అర టికెట్టు కొడతానని
కండక్టరు ఒకడే నవ్వుకున్నాడు.

ఇంట్లో నావి నాలుగు పెట్టలు:
మైలపెట్ట, పింగళి, ఒంటికన్ను గంగి,
మా మరిది కూతురు పేరుపెట్టిన బొంగరం.
వాటి మధ్య ఒక డేగపుంజు.
వాటికి ఈ తెల్లవి కొత్త.
తెల్లవాటికి అన్నీ కొత్తే.

నేలమీద దించితే
ఒక కాలు ఎత్తి పట్టుకొని నిలబడినాయి,
ఎండకు కాగిన బండమీద పెట్టినట్టు.
కమ్మీలమీద పెరిగిన కాళ్ళు,
మన్ను మెత్తగా ఉంటాదని ఎవరు చెప్పినారు వాటికి?
మెడలు బోడి. తురాయి వెలిసిన పేలిక.
ముక్కుకొన చిన్నప్పుడే కోసేసినారు,
రాగులు చల్లితే టకటకా నేలను కొడతాయి,
గింజ ఉన్నచోటే ఉంటాది.
సంగటి పలచగా పిసికి పెట్టినా.

మూడువారాలు వేరుగా ఉంచమన్నాడు
పశువుల ఆస్పత్రి కాంపౌండరు.
విరిగిన మంచానికి వల చుట్టి
అందులో పెట్టినా.
వల ఇవతల మైలపెట్ట
అటూ ఇటూ, అటూ ఇటూ,
చెక్‌పోస్టుకాడ పోలీసు మాదిరి.

నాలుగోరోజు ఒకటి పోయింది.
గుడ్డు కడుపులోనే పగిలి.
పోయేముందు కూడా మెడ వంచి
కాళ్ళముందు వెతుక్కునింది,
గుడ్డు దొర్లిపోయే వాలు యాడుందోనని.
మునగచెట్టు కింద పూడ్చినా.
"కోడిని పూడ్చిపెట్టేదాన్ని నిన్నే చూసినా" అన్నాడు మా ఇంటాయన.
గడ్డపార తెచ్చింది మాత్రం ఆయనే.

వల విప్పిన పొద్దు మైలపెట్ట
ఒకదాని నెత్తి చీరేసింది.
పసుపు అద్ది కూర్చోబెట్టినా.
మైలపెట్టను తిట్టబుద్ధి కాలేదు.
వీధి కొళాయికాడ కొత్త బిందె కనబడితే
మేం మాత్రం ఊరుకుంటామా?
రెండుచోట్ల మేత, రెండు చిప్పల నీళ్ళు.
కొంచెం తగ్గింది. కొంచెమే.

పొద్దుగూకితే నావి గూట్లోకి పోతాయి.
తెల్లవి వచ్చి
వసారా బల్బు కింద నిలబడతాయి.
షెడ్డులో రాత్రి పదిదాకా లైట్లు గదా,
పొద్దు స్విచ్చికాడ పుడతాదని వాటి నమ్మకం.
ఒక్కోదాన్నే చంకలో పెట్టుకొని పోయి
గూట్లో దించుతా.
బరువేముంది,
ఉతికి ఆరేసిన రవిక.

ఆరోవారం, అంట్లు తోమే చోట
ఒకటి తడిమన్ను గీరింది.
ఎందుకు గీరిందో దానికే తెలియనట్టు
ఆగి, చూసి, మళ్ళీ గీరింది.
ఎర్ర వానపాము బయటపడింది.
కోసిన ముక్కుతో ఎట్లో పట్టుకునింది,
పట్టుకొని ఏం చెయ్యాలో తెలియక నిలబడింది.
మైలపెట్ట లాక్కొని ఉరికింది.
తెల్లది వెంటపడింది!
బోడిమెడ ముందుకు చాచి,
ఆ పక్కకూ ఈ పక్కకూ ఒరుగుతా,
బండలు దాటి, బొగ్గులబుట్ట తన్నేసి.

ఇన్నేళ్ళలో వేల కోళ్ళు
నా చెయ్యి ముందునుంచి పోయినాయి.
వాటిల్లో ఒకటి పరుగెత్తేది
చూసింది ఇదే మొదలు.

రేపు షెడ్డులో కొత్త బ్యాచి దిగుతాది.
ఆరున్నర బస్సుకు పోవాల.
పండుకుందామంటే
బల్బు కింద ఇంకా రెండు నిలబడి ఉండాయి.