కారణం తెలియదు

వాలీబాల్ నెట్టు విప్పి, ఆ గుంజలకే
దుప్పటి కట్టారు.
మారోస్ సున్నపురాతి కొండల్లోంచి
గబ్బిలాలు బయల్దేరే వేళ.
నలభై ఎనిమిది నిమిషాల సినిమా.
కొండ కడుపులోని బొమ్మల మీద
దూరదేశం వాళ్ళు తీసింది.
మాటలు వాళ్ళవి,
తెర అడుగున పాకే అక్షరాలు మాత్రం నావి.
ఎంత మాటైనా రెండే వరసలు.
అంతకు మించితే జనం చదవరన్నారు.

ఇక్కడ ఆ రెండు వరసలూ ఎవరూ చదవలేదు.

"మనిషి అడుగుపెట్టని లోయ" అని
బరువైన గొంతొకటి చెబుతుండగా
చెట్ల సందులోంచి హాజా ఇంతాంగ్ మేక
తాపీగా నడిచి వెళ్ళింది.
"అదే! పోయినేడు తప్పిపోయింది అదే!"
అరిచిందామె.
నవ్వులు సద్దుమణిగేసరికి
తెర మీద వేల ఏళ్ళు దాటిపోయాయి.

తర్వాత పంది.
దుప్పటంతా నిండిన ఎర్రటి అడవిపంది,
వీపు మీద నిక్కిన వెంట్రుకలతో.
ముందు వరసలో ఇమాంగారు చిన్నగా దగ్గారు.
పిల్లలు ఆయన వైపు చూశారు, పంది వైపు చూశారు.
కాసేపాగి ఆయనే అన్నారు:
"చెయ్యి తిరిగినవాడే గీశాడు."

గుహ కాపలా దాయెంగ్ రురుంగ్
ఆ సినిమాలో నాలుగు సెకన్లున్నాడు.
నాలుగు సెకన్లూ మోచెయ్యే,
దీపం ఎత్తి పట్టుకున్న మోచెయ్యి.
"నేనే" అన్నాడు పక్కవాడితో, మెల్లగా.
పక్కవాడు ఆవలిస్తున్నాడు.
నెలకోసారి పల్చటి ప్లాస్టిక్ కాగితం ఆనించి
రాలిన పెచ్చుల అంచులు గీసేది ఇతనే.
ఈ నెల గోరంత. పోయిన నెల వడ్లగింజంత.
లోపల ఉప్పు పొంగి రాయి తోలు ఊడుతోంది.
బొమ్మల ముందు నిలబడి ఏడ్చిన ప్రొఫెసరమ్మ
దుప్పటి మీద ఇంకోసారి ఏడ్చింది.
ఆమె ముక్కు చీదుకునే తీరు చూసి
"ఎవరు పోయారో పాపం" అన్నారు ఆడవాళ్ళు.

చివర్న చేతులు.
రాతికి ఆనించి చుట్టూ రంగు ఊదిన అరచేతులు.
చెయ్యి ఉన్నచోట ఏమీ లేదు,
లేనిచోటంతా ఎరుపు.
వాటిలో ఒకదానికి రెండు వేళ్ళు లేవు.

వెనక బెంచీ కిర్రుమంది.
బాచో తాహిర్.
సిమెంటు ఫ్యాక్టరీలో రాళ్ళ మిషను దగ్గర చేసి
మానేసినవాడు, మాన్పించబడ్డవాడు.
కుడిచెయ్యి ఎప్పుడూ సరోంగు మడతలో ఉంచుకునే మనిషి
జనాన్ని తోసుకుంటూ దుప్పటిదాకా వచ్చాడు.
ఎర్రటి వెలుగు సగం ముఖమ్మీద పడుతుండగా
నన్నే అడిగాడు:
"ఇతనివి ఏ పనిలో పోయాయి?"

నేను రాసిన రెండు మాటలు
అప్పటికే వెలుగుతున్నాయి.
దుప్పటి మీద కాదు, అడ్డం నిలబడ్డ
అతని చొక్కా మీద:
కారణం తెలియదు.
అతనికి కనపడవు. నాకు కనపడ్డాయి.

"తెలీకపోవడమేంటి" అన్నాడు
నేనింకా నోరు విప్పకముందే,
"ఎవరో ఒకరు చూసే ఉంటారుగా.
కట్టు కట్టే ఉంటారుగా."

ఆ వాక్యం మార్చమని సినిమావాళ్ళకు రాశాను.
ఏమని మార్చాలి అని జవాబొచ్చింది.
మర్యాదగానే అడిగారు.
నేనింకా చెప్పలేదు.

వారం తర్వాత మకస్సార్ బస్సు కోసం నడుస్తుంటే
బాచో కూతురి కొత్తిల్లు, ఎత్తు కర్రల మీద.
నడిమి గుంజకు బియ్యప్పిండి చేతిముద్రలు,
ఇంట్లో దిగిన రోజు వేసినవి.
ముసలివి, పసివి, ఒకదాని మీదొకటి.
వాటికి కాస్త ఎడంగా, కిందుగా
మూడు వేళ్ళది,
అన్నిటికంటే గట్టిగా అదిమింది.
అంచుల్లో పిండి ఎండి పెచ్చులు లేస్తోంది.
ఒక కోడిపెట్ట మెడ చాచి చాచి
అందినంతవరకూ
పొడుచుకుంటోంది.