పిండి డబ్బా

ముందు బోల్టు తియ్యి, బ్రిన్.
ఖాళీగానే ఉందని తాత చెప్పాడు కదా అనకు.
వేలు పెట్టి చూడు.
చల్లగా, గుండ్రంగా, ఇంకేమీ తగలకపోతే
అప్పుడు నమ్ము,
అదీ తుపాకి నీ చేతిలో ఉన్నంతసేపే.

రేపు పదిహేనో తారీఖు.
మిషిగన్ ఉత్తరపు కొసన
బడికి సెలవు, మంగలి షాపుకీ సెలవు.
ఈపాటికే పెట్రోల్ బంకు దగ్గర జనం
నారింజ రంగు కోట్లు తొడుక్కుని
కాఫీ ఊదుకుంటూ నిలబడి ఉంటారు,
మంచులో ఎవరో బంతిపూలు పారబోసినట్టు.

నీకు పన్నెండు నిండాయి.
పరీక్షలో నూటికి తొంభై ఆరు.
ఆ నాలుగు ఎక్కడ పోయాయని అడగను.
నాకెక్కడ పోయాయో చెప్తాను.

అప్పుడు నాకు పంతొమ్మిది.
మీ ముత్తాత తుపాకి, కొత్త బూట్లు.
సెడార్ చిత్తడి దాటి
తెల్లతోక జింక ఒకటి గుట్ట నెత్తికెక్కింది.
ఆకాశానికి ఆనుకుని నిలబడింది.
కొమ్ముల మొనలు లెక్కపెట్టాను, ఎనిమిది.
మొనలు లెక్కపెట్టినవాణ్ణి
వాటి వెనకేముందో చూళ్లేదు.
ఆకాశమేగా అనుకున్నాను.

పేల్చాను. తప్పింది.
జింక తోకెత్తి అవతలికి దూకింది.
గాలికి పోయిందిలే అని
నవ్వుకున్నాను కూడా.

పది అడుగులు వేశాక కడుపులో ఏదో మెలిపడింది.
గాలికి పోయేది పొగ.
బోల్టు తెరిచి, గుళ్లన్నీ జేబులో వేసుకుని
తూటా పోయిన దారినే నడిచాను.
గుట్ట దిగాను. ముళ్లకంచె.
మంచులో కుందేలు అడుగులు.
తర్వాత ఇంకో పొగ.
పొగ కింద గొట్టం, గొట్టం కింద ఇల్లు.

సెల్మా కివెలా వంటింట్లో కూర్చుని ఉంది,
చేతులు ఒళ్లో పెట్టుకుని.
కిటికీ అద్దానికి ఒక కంత.
అరలో రెండు సీసాలు పగిలి
నేలంతా ఎర్రగా.
నా మోకాళ్లు నిలవలేదు.
"బీట్‌రూటే," అంది. "కూర్చో.
ఆ తుపాకి బయట పెట్టి రా."

తిట్టలేదు. తిడితే బాగుండేది.
పిండి డబ్బా నా ముందుకు తోసి
వెతకమంది.
మోచేతి దాకా పిండిలో దేవాను.
దొరికింది, పుట్టగొడుగులా విచ్చుకున్న సీసం.
ఇంకా వెచ్చగా ఉందనిపించింది.
ఉండదు. ఆ వేడి నా చేతిది.

"రోజూ ఈ వేళకి ఆ డబ్బా ముందే నిలబడతాను.
ఇవాళ పిల్లి తలుపు గీకింది,
తీద్దామని వెళ్లాను."
అంతే అంది.

షెరీఫ్‌కి నేనే ఫోను చేశాను,
ఆమె ఫోనులోంచే, పిండి చేత్తోనే.
రెండేళ్లు లైసెన్సు లేదు.
కిటికీకి కొత్త అద్దం నేనే బిగించాను, వంకరగా.
ఆ తర్వాత ఇరవై రెండేళ్లు
పద్నాలుగో తారీఖు సాయంత్రం ఆమె తలుపు తట్టి
ఏ చెట్టు మీద కూర్చుంటానో
ఎటు మొహం పెడతానో చెప్పేవాణ్ణి.
ఒక్క ఏడాది కూడా సరే అనలేదు.
పిల్లికి పాలు పోస్తూ వినేది.
పిల్లులు మారాయి.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. మంచు బరువుకి కప్పు కూలింది.
గుట్ట అవతల బిర్చ్ చెట్లు తప్ప ఏమీ లేవు.
అయినా అటు పేల్చను.

ఇదిగో, ఆ సీసం.
కోటు జేబులో వేసుకో, గుళ్లు పెట్టుకునే వైపే.
రేపు చలికి వేళ్లు కొంకర్లు పోయి
గుండు కోసం తడుముకుంటే
ముందు ఇదే తగలాలి.

కారు తాళం అందుకో, పొద్దు పోకముందే వెళ్లొద్దాం.
చిత్తడి పక్కన ఎవరో కొత్తగా ట్రైలర్ వేసుకున్నారు,
తాడు మీద పసిపిల్ల బట్టలు ఆరేసి ఉన్నాయి.
తలుపు నువ్వే తట్టాలి.
నేను కారులోనే ఉంటాను.