తొమ్మిదిన్నర వోల్టులు

మల్లంపల్లి దాటినంక
హెడ్‌లైట్ల వెలుగు పసుపునీళ్లయ్యింది.
మంచు లేదు. ఎదురుబండి లేదు.
అద్దం తుడిచిన, మళ్ల తుడిచిన,
తప్పు అద్దానిది కాదు.
వెనుక తొమ్మిదిమంది మిరపకాయ ఏరే ఆడోళ్లు,
ఒళ్లల్ల సద్దిగిన్నెలు,
ఒక్కరన్న కండ్లు మూస్తలేరు,
నాతోని పాటు వాళ్లూ జీపు నడుపుతున్నరు.
"ఏదో కమురు వాసనొస్తంది తమ్మీ"
అన్నది ఈసం ముత్తక్క.
డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెడితే
స్విచ్చు, అప్పుడే దించిన పెనం.

తెల్లారి హన్మకొండ, ములుగు రోడ్డు,
టైర్ల దుకాణం సందుల అంకుషావలి.
"నూరు వాట్ల బల్బులు వెయ్యి చాచా" అన్న.
ఆయన నా మాట పక్కకువెట్టి మీటరు తీసిండు.
బ్యాటరీ కాడ పన్నెండున్నర.
బల్బు కాడ తొమ్మిదిన్నర.
"మూడు వోల్టులు ఏడవోయినయంటవ్?
స్విచ్చు తాగింది. ముప్పయేండ్ల తీగ తాగింది.
తుప్పువట్టిన ఎర్తు అడుగుబొడుగు నాకింది.
గొంతెండినోనికి ఇంకో నోరు పెట్టుమంటవా?"

బానెట్ కింద తీగలన్నీ ఒకటే రంగు,
దుమ్ము, నూనె, ఎలుకల ఉచ్చ కలిసిన రంగు.
ఒకటి గుడ్డతోని తుడిచి నాకు చూపెట్టిండు:
"ఎర్రదా? పచ్చదా?"
పరాశికమనుకున్న. కాదు.
పుట్టినసంది ఆయన కండ్లకు ఆ రెండూ ఒకటేనట.
నలభయేండ్ల ఎలక్ట్రీషియను!
నా మొకం చదివినట్టున్నడు,
"రంగేముంది బిడ్డా, ఎవడన్న ఏదన్న కలుపుతడు.
నేను దీపం పెట్టి అడుగుత."
టెస్టుల్యాంపు ముల్లు గుచ్చుడు,
వెలిగితే ఒక చీటీ రాసుడు, తీగకు కట్టుడు.
చీటీలన్నీ అయినంకనే
బ్యాటరీ నెగెటివు విప్పి, క్లాంపుకు గుడ్డ చుట్టి
"పని అయ్యేదాంక దీన్ని తాకనియ్యకు,
నేను చెప్పినా తాకనియ్యకు" అన్నడు.

అగ్గిపెట్టెంత రిలేలు రెండు,
డిప్పుకొకటి, బ్రైటుకొకటి.
కాళ్లకు అంకెలు:
ముప్పై, ఎనభై అయిదు, ఎనభై ఆరు, ఎనభై ఏడు.
పాత తీగ ఇగ బరువు మొయ్యదు,
కబురు మోస్తది.
బరువంతా కొత్త లావు తీగది,
బ్యాటరీ నుంచి నేరుగ,
జానెడు దూరంలనే ఫ్యూజు.
"గంత దగ్గరెందుకు? లోపలికి పెట్టరాదు?"
"ఫ్యూజుకు ముందున్న తీగకు కావలెవడు మరి?"
ఎర్తు కోసం చాసిస్ మీద రంగు గీకిండు,
ఇనుము తెల్లగ నవ్వేదాంక గీకిండు.

అసర్ నమాజుకు ఆయన పోయినప్పుడు
ఆగలేక ఒక తీగ నేనే దూర్చిన
రేకు బొక్కలకెళ్లి.
పక్కన రబ్బరు రింగు ఉండె. చూసిన గూడ.

పొద్దూకంగ స్విచ్చేసినం.
సందు సందంతా పగలు.
టైర్లోళ్ల పిలగాడు ఈలేసిండు.
ఇంజను స్టార్టు చేసిన, జీపు వణికింది,
గుప్పున చీకటి.
ఆయన తిట్టలేదు. రేకు అంచు వేలితోని తడిమి
కోసుకున్న తీగ తీసి చూపెట్టిండు.
పోయిన ఫ్యూజు నా అరచేతుల పెట్టిండు:
"ఇది సచ్చింది గనుక నీ జీపు బతికింది.
జేబుల పెట్టుకో."

తీగ మార్చినం, రబ్బరు తొడిగినం.
మళ్ల మీటరు: పన్నెండుకు జరంత తక్కువ.
బల్బులు పాతయే.
గోడకు ఇరవై అయిదడుగుల దూరంల జీపు నిలబెట్టి
సుద్దతోని గీత గీసి, వెలుగును గీత కిందికి దించిండు.
ఇంకొంచెం మీదికుంటే బాగుండనిపించింది.
"ఎదురొచ్చేటోనికీ కండ్లుంటయిరా" అన్నడు.

ఇయ్యాల నాలుగున్నర, తాడ్వాయి అడవి.
రోడ్డు గుంత గుంతకు నీడ తెలుస్తంది.
దూరంగ ఒక సైకిలు, మోదుగాకుల మోపు,
మనిషి చెయ్యి అడ్డం పెట్టుకునేలోపే
డిప్పు చేసిన.
బానెట్ కింద టక్‌మన్నది రిలే.
వెనుక ఎవరో గురక పెడుతున్నరు,
ముత్తక్కనే అయ్యుంటది.